హనుమక్కకు ప్రాణం లేదన్నాను

ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా గుండె మీద కూర్చుని దిగనంటోంది. పెద్ద మాటేమీ కాదు. "ప్రాణం లేదు" అన్నాను, అంతే. అదీ ఏ మనిషి గురించో కాదు. కంప్యూటర్ ఆటలో, ఒక పల్లెలో, బిందెల వరస దగ్గర కూర్చునే ఒక బొమ్మ ఆడమనిషి గురించి. దీనికేనా ఇంత రాద్ధాంతం అని మీకు అనిపించవచ్చు. నాకూ అట్లాగే అనిపించేది. చాలా ఏళ్ళు అట్లా అనుకునే నెట్టుకొచ్చాను. ఇక నావల్ల కావడం లేదు.

నా పేరు అడగకండి. చెప్పే ధైర్యమే ఉంటే అసలు మనిషి ఎదురుగా నిలబడినప్పుడే చెప్పి ఉండేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. కాస్త ఓపికపట్టి చివరిదాకా వినండి. మధ్యలో నా మీద కోపం వస్తే రానివ్వండి, అది న్యాయమే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. అనంతపురంలో వానలు వరసగా ముఖం చాటేసిన రోజులవి. నేను తెలుగు ఎమ్మే ఫస్టు క్లాసులో పాసై, ఉద్యోగం లేక, టవర్ క్లాక్‌కు దగ్గరలో ఒక మేడ మీది కంప్యూటర్ ఆఫీసులో చేరాను. రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, కరెంటు పోగానే కుయ్యోమని అరిచే ఒక యూపీఎస్సు. యజమానిని అందరం సారు అనేవాళ్ళం. నీళ్ళ గురించి బడిపిల్లలు ఆడుకుంటూ నేర్చుకునే ఆట ఒకటి తెలుగులో తయారుచేసి సీడీగా ఇవ్వమని బెంగుళూరు కంపెనీ ఒకటి సారుకు పని అప్పజెప్పింది. కథ రాసే బాధ్యత నాది.

కథ చిన్నదే. ఒక కరువు పల్లెకు ఇంజనీరు వస్తాడు. ఎప్పుడో పూడిపోయిన ఊటకాలువ ఎక్కడుందో కనిపెట్టాలి. ఆడే పిల్లలే ఆ ఇంజనీరు. వాళ్ళు ఊళ్ళో తిరుగుతూ, కనిపించినవాళ్ళ మీద మౌసుతో నొక్కి, మాట కలిపి, ఆనవాళ్ళు రాబట్టుకోవాలి. అట్లా మాట్లాడేందుకు ఇరవైమంది ఊరివాళ్ళు కావాలి. ఆఫీసులో వాళ్ళను 'పక్క మనుషులు' అనేవాళ్ళం. ఆ పేరు పెట్టింది నేనే. కథ నాది, కథానాయకుడు నావాడు, మిగతావాళ్ళు పక్కన నిలబడితే చాలని నా ఉద్దేశం.

నేను కాగితం మీద రాసినదాన్ని కంప్యూటర్లో కొట్టడానికి ఈరన్న ఉండేవాడు. మడకశిర వైపు పల్లె. ఇంట్లో గొర్రెలు. ఇంటర్ సగంలో మానేసి టైపు నేర్చుకున్నాడు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. అప్పట్లో అతన్ని 'వాడు' అనేవాణ్ణి. ఇప్పుడు నోరు రావడం లేదు. నన్ను అన్నా అని పిలిచేవాడు. నా ఎమ్మే అంటే అతనికి ఎంత గౌరవమంటే, నేను గదిలోకి వస్తే కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు.

నేను రాసిన పల్లె మనుషులు ఎట్లా మాట్లాడేవాళ్ళో చెబితే మీరు నవ్వుతారు. "దాహం తీర్చే దారి ఉత్తర దిశలో ఉన్నది" అనేది ఒక ముసలమ్మ. ఈరన్న దాన్ని కొడుతూ కొడుతూ, నన్ను అడగకుండానే, "ఉత్తరం పక్క పో సారూ, చెప్పులేసుకోని పో, పల్లేరు ముండ్లుండాయి" అని మార్చేశాడు. నేను తిట్టాను. తిడుతూనే ఇంకోసారి చదివాను. బాగుంది. అది బాగుందని సారుకూ తెలిసిపోయింది. మరుసటి వారం ఇరవైమందిలో పదిమందిని ఈరన్ననే రాయమన్నారు. "రాయనీండి సార్, పాపం" అన్నాను నేను. పాపం అన్నాను, చూడండి.

అట్లా పుట్టింది హనుమక్క. పద్నాలుగో నంబరు పాత్ర.

కరువు పల్లెల్లో మీరు చూసే ఉంటారు. నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి పొద్దున్నే బిందెలు వరసగా పెట్టి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోతారు. మనిషికి బదులు బిందె నిలబడుతుంది. బిందె ఇంట్లో అవసరమైనవాళ్ళు ఒక రాయో, పాత డబ్బానో పెట్టిపోతారు. ఆ వరసకు కాపలా హనుమక్క. ఆమెను ఎవరూ పెట్టలేదు, తనంతట తానే కూర్చుంది. ఏ బిందె ఎవరిదో, ఏ సొట్ట ఏ దెబ్బలాటలో పడిందో ఆమెకు తెలుసు. ఆటలో ఇంజనీరుకూ ఒక బిందె ఉంటుంది. ఆడే పిల్లలు దాన్ని గుట్టుగా ముందుకు జరిపితే ఆమె ఏమీ అనదు. ఊరంతా తిరిగి మళ్ళీ వచ్చేసరికి మాత్రం ఆ బిందె బోర్లించి ఉంటుంది. 'నేను జరపలేదు' అన్న జవాబు మీద నొక్కితే, "సరేలే నాయనా, నువ్వు జరపలేదు. బిందెకు తెలుసులే" అంటుంది.

ఏమీ అడగకుండా మూడుసార్లు వచ్చి ఆమె పక్కన ఊరికే కూర్చుంటే అప్పుడు తన సంగతి చెబుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు వరస తప్పించి తన బిందె ముందుకు పెట్టుకుందట. ట్యాంకరు అడుగంటింది. వెనక నిలబడిన బాలింత ఖాళీ బిందెతో ఇంటికి పోయింది. ఆ పిల్ల ఏమీ అనలేదట. అననందుకే ఈడ కూసుంటి అంటుంది హనుమక్క. ఊటకాలువ గురించి ఆమె ఒక్క ఆనవాలు కూడా చెప్పదు.

ఆట సగం తయారయ్యాక, ఎట్లా ఉందో చూద్దామని సారు ఒక బడి నుంచి పదిహేనుమంది పిల్లల్ని పిలిపించారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాను. ఊటకాలువ దొరకగానే వాళ్ళు చప్పట్లు కొడతారని, సారు నా భుజం తడతారని, దారి పొడుగునా ఊహించుకుంటూ వచ్చాను. గంటయ్యేసరికి నాలుగు కంప్యూటర్ల మీదా హనుమక్కే. ఒక గుంపు బిందె జరిపి ఆమె ఏమంటుందోనని చూస్తోంది. ఇంకో గుంపు ఆమె పక్కన నోరుమూసుకుని కూర్చుంది. నా కాలువ ఎవరికీ పట్టలేదు. వెళ్ళేటప్పుడు రెండు జడల పిల్ల ఒకతి సారును అడిగింది, "మేం పోయినాక గూడా ఆ యవ్వ ఆడనే ఉంటాదా సార్?" అని.

అందరూ నవ్వారు. ఈరన్న సిగ్గుపడి కీబోర్డు తుడవడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వాను. లోపల కడుపు భగ్గుమంది.

దాని పేరు అసూయ. ఇంత చిన్న మాట రాయడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. ఇన్నాళ్ళూ దానికి వేరే పేర్లు పెట్టాను. ప్రమాణాలు అన్నాను, అభిరుచి అన్నాను. కాదు, కుళ్ళు. అతను బాగా రాశాడని కాదు నా బాధ. బాగా రాయడం అతనికి కష్టంగా లేకపోవడం. నేను ఒక వాక్యం కోసం పెన్ను కొరుక్కుంటూ కూర్చుంటే, అతను వేరుశనక్కాయలు నములుతూ, ఒక చేత్తో పొట్టు దులుపుకుంటూ రాసేవాడు. నేను చదివిన పుస్తకాలన్నీ ఏమైనట్టు? గొర్రెల వెనక తిరిగినవాడికి వచ్చింది నాకెందుకు రాలేదు? ఒకరోజు ఉండబట్టలేక అడిగాను కూడా, పదిమందినీ పదిరకాలుగా ఎట్లా రాస్తున్నావని. వాళ్ళ నాయన మందలో ఏ గొర్రె రాలేదో ఎంచకుండానే, మొగాలు చూసే చెబుతాడని, ఇదీ అంతేనని అన్నాడు. గొప్పకు అనలేదు. గొప్పకు అని ఉంటే నాకు బాగుండేది.

అప్పుడే బెంగుళూరు నుంచి కబురు వచ్చింది. ఇరవైమంది ఎక్కువయ్యారు, పన్నెండుమందికి కుదించండి. ఒక్కో పాత్ర ఎంత బలంగా ఉందో చూసి రిపోర్టు పంపండి. ఇంకో మాట కూడా. తర్వాతి ఆట వాళ్ళే బెంగుళూరులో తీస్తారు, ఇద్దరిలో ఎవరి పాత్రలు నిలబడితే ఆ ఒక్కరికి రచయితగా ఉద్యోగం ఇస్తారు.

సారు నన్ను పిలిచి చెప్పారు, "నువ్వు చదివినోడివి, నువ్వే చూడప్పా. నీవీ చూడు, ఈరన్నవీ చూడు. ఉండేది ఉన్నట్టు రాయి." నా పాత్రలకు నేనే మార్కులు వేసుకోవడమేమిటని ఆయనకు తోచలేదు. నాకు తోచింది. తోచినా నోరు విప్పలేదు.

ఒక్కో పాత్రకు ఒక్కో కాగితం. కాగితం మీద ఐదు ప్రశ్నలు. అవీ నేనే తయారుచేశాను. కథను ముందుకు నడుపుతుందా, మాట తీరు నమ్మేలా ఉందా, ఇట్లాంటివి. ఐదో ప్రశ్న రాసినప్పుడు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను. 'ఆటగాడు వెళ్ళిపోయాక కూడా ఈ మనిషి అక్కడే ఉన్నట్టు అనిపిస్తుందా?' అది ఆ రెండు జడల పిల్ల మాటేనని చాలా కాలం తర్వాత గానీ నాకు వెలగలేదు. ప్రశ్న కూడా సొంతం కాదు నాకు.

పద్నాలుగో నంబరు వంతు వచ్చిన రోజున, మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక, తలుపు దగ్గరికి వేసి ఆమె ముందు కూర్చున్నాను. తప్పు పట్టాలనే కూర్చున్నాను. బిందె జరిపాను. జరపలేదని బొంకాను. బిందెకు తెలుసులే అంది. మూడుసార్లు వెళ్ళి ఊరికే కూర్చున్నాను. బాలింత సంగతి నాకు ముందే తెలుసు, నా కళ్ళముందే టైపు అయింది. అయినా చివరి మాటదాకా చదివాను. బయట ఎండకు రేకులు టపటపమంటుంటే, ఆ చిన్న గదిలో, నేను ఒక్కణ్ణే ఉన్నానని అనిపించలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇష్టంలేకే గబగబా పెన్ను తీశాను.

కథను ముందుకు నడుపుతుందా? లేదు అని రాశాను. అది నిజమే, ఆమె ఏ ఆనవాలూ చెప్పదు కదా. నిజంతో మొదలుపెడితే అబద్ధం ఎంత సులువుగా వస్తుందో ఆ రోజు తెలిసింది. మాట తీరు మోటుగా ఉందన్నాను. పాత్రౌచిత్యం లోపించిందన్నాను. ఐదో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. 'లేదు' అని రాశాను. పదికి రెండు మార్కులు. 'తొలగించవచ్చు.'

ఇంతవరకూ అయితే ఏదో కాగితం మీది పాపం అనుకునేవాణ్ణేమో. కానీ మా ఆఫీసులో ఏది టైపు కావాలన్నా ఈరన్నే కొట్టాలి. నేను రాసిన ఆ కాగితాల కట్ట ఎవరి ముందు పెట్టాను? అతని ముందే. పెట్టి, పక్క బల్ల దగ్గర కూర్చుని, ఏదో చదువుతున్నట్టు నటించాను. అతను తన మనుషుల మీద నేను వేసిన తీర్పును ఒక్కో అక్షరమే కొట్టాడు. కొడుతూ కొడుతూ నా వాక్యాలు సరిదిద్దే అలవాటు అతనిది. ఆ రోజు ఒక్క మాట కూడా మార్చలేదు.

పద్నాలుగో కాగితం అయ్యాక కీబోర్డు చప్పుడు ఆగింది.

"అన్నా, ఒగ మాట అడగనా?"

"అడుగు."

"హనుమక్క బాగలేదా?"

"బాగుండటం వేరు ఈరన్నా. పాత్రగా నిలబడటం వేరు."

"నాకా పెద్ద మాటలు తెల్దన్నా. ఆ యమ్మకు పానం ఉండాదా, లేదా? అది చెప్పు. నువ్వు సదివినోడివి. నువ్వు లేదంటే ఇంగ లేనట్టే."

నేను దాటవేయాలని చూశాను. "ఎవరామె? మీ ఊరామేనా?"

"మా పెద్దమ్మ రవ్వంత. మా ఊర్లో ట్యాంకరు కాడ ఉండే యమ్మ రవ్వంత. మిగిలిందంతా నేనే అన్నా."

అతని ముఖం నా వైపే ఉంది. అంత నమ్మకంగా నన్ను అంతకుముందు ఎవరూ చూడలేదు, తర్వాతా చూడలేదు. అప్పటికైనా ఆగవచ్చు. కట్టలోంచి ఆ కాగితం లాగి చించేస్తే ఎవరు అడిగేవాళ్ళు?

"లేదు ఈరన్నా," అన్నాను. "ప్రాణం లేదు."

తల ఊపాడు. రెండుసార్లు. "మంచిదన్నా. పిల్లోళ్ళు నగుతాంటే నిజమే అనుకుంటి. నువ్వు చెప్పకపోతే నాకు యట్ల తెలుస్తాది," అని పదిహేనో కాగితం తీసుకున్నాడు.

పన్నెండుమంది మిగిలారు. నా పదిమందీ పాసయ్యారు, విడ్డూరం చూడండి. ఈరన్న మనుషులు ఇద్దరే మిగిలారు. హనుమక్కను కంప్యూటర్లోంచి తీసేశారు. నెల తిరక్కుండా నాకు బెంగుళూరు ఉత్తరం వచ్చింది. అదే వారం ఈరన్న పని మానేసి ఊరికి పోయాడు. పోయేముందు తను పెన్నుతో రాసుకున్న నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులో హనుమక్క మొత్తం ఉంది. యాడ తప్పు పోయినానో తీరిక ఉన్నప్పుడు గుర్తుపెట్టి ఇవ్వమన్నాడు. తీసుకున్నాను.

బెంగుళూరులో నా వైభవం రెండేళ్ళు. అక్కడ నా పాత్రలను చూసినాయన మర్యాదస్తుడు. మీవాళ్ళందరూ దారి చూపించే బోర్డుల్లా నిలబడి ఉన్నారండీ అన్నాడు. ఆయన్ను తిట్టుకోలేకపోయాను. తిరిగి అనంతపురం వచ్చి ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఎర్ర పెన్నుతో మార్కులు వేసే పనే దొరికింది, దేవుడికి పరాచికాలు ఎక్కువ.

పోయిన ఏడాది పరీక్షల డ్యూటీకి మడకశిర వెళ్ళాను. బస్టాండులో ఎవరో "అన్నా" అని కేక వేశారు. ఈరన్న. నల్లబడ్డాడు, భుజాన కంబళి, పక్కన భార్య. గొర్రెలు మేపుతున్నాడట. ఏమైనా రాస్తున్నావా అని అడగబోయి మింగేశాను. అతను భార్యకు నన్ను చూపించాడు. "నేను చెప్తాంటి గదా, ఆ యన్న ఈ యన్నే. అందరూ బాగుండాది బాగుండాదని నన్ను ఎగదోస్తాంటే ఈ యన్న ఒక్కడే నిజం చెప్పె. లేకుంటే ఆ పిచ్చిలో ఇంగా తిరుగుతాంటిని."

ఆమె నాకు దండం పెట్టింది.

"నోటుబుక్కు చూస్తివా అన్నా?" అన్నాడు. "యాడ తప్పు పోయినానో తెలిసెనా?"

"తీరిక దొరకలేదు ఈరన్నా. చూస్తాను," అన్నాను. ఏడేళ్ళు దొరకని తీరిక. నా బస్సు వచ్చింది. అతను పరుగెత్తుకుంటూ వెళ్ళి పొట్లం కట్టించి తెచ్చి, కిటికీలోంచి వేయించిన శనక్కాయలు ఇచ్చాడు. పెనుకొండ దాకా అవి నా ఒళ్ళో వేడిగా ఉన్నాయి. ఒక్కటి కూడా తినలేదు.

ఎందుకు చెప్పలేదు? రోజూ నన్ను నేనే అడుగుతాను. నిజం చెబితే అతనికి నేను ఇచ్చేది ఏమిటి? పోయిన ఏళ్ళు కావు, ఆ ఉద్యోగం కాదు. తనకు చేతకాదని నమ్మి, కుదురుగా బతుకుతున్న మనిషికి, నీకు చేతనయ్యేదే, నేనే దొంగిలించాను అని చెప్పి, ఉన్న ఆ కుదురు కూడా చెడగొట్టడం తప్ప ఇంకేం జరుగుతుంది అని ఒకసారి అనుకుంటాను. అనుకున్న వెంటనే, ఇది కూడా పాత రిపోర్టులాగే పెద్ద మాటలతో కట్టిన అబద్ధమని, నేను కాపాడుతున్నది అతని కుదురును కాదు, ఆ దండాన్ని అని తెలిసిపోతుంది. ఆ దండం నాకు కావాలి. అంత సిగ్గులేనివాణ్ణి. ఇంకో మాట కూడా చెప్పేస్తాను. అతని నోటుబుక్కు తీసి చదివిన ప్రతిసారీ, ఇప్పటికీ, ముందు కడుపు మండుతుంది. ఆ తర్వాతే బాధ వస్తుంది.

మీరు నన్ను క్షమించనక్కరలేదు. క్షమించడానికి మీరెవరు? కానీ ఇంతదాకా రాశాక, గుండె మీద కూర్చున్నది కాస్త పక్కకు జరిగింది. పోలేదు, జరిగింది. ఊపిరి తీసుకోవడానికి చోటు దొరికింది.

ఈ ఉదయం ఒక తెల్లకాగితం తీసుకుని ఆ ఐదు ప్రశ్నలూ మళ్ళీ రాశాను. పైన పాత్ర నంబరు పద్నాలుగు, పేరు హనుమక్క, రాసినవారు ఈరన్న. ఆ రోజు రిపోర్టులో రాసినవారి పేరు కోసం గడి కూడా పెట్టలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. కథను ముందుకు నడుపుతుందా? లేదు, ఆమెకు ఆ పని లేదు. మాట తీరు నమ్మేలా ఉందా? ఉంది. తప్పు ఎక్కడ పోయింది? ఎక్కడా పోలేదు. ఈ కాగితం నోటుబుక్కులో పెట్టి మడకశిర వైపు పంపుతానని మీకు మాట ఇవ్వలేను. నా మాట విలువ ఎంతో మీకిప్పుడు తెలుసు. పంపకపోయినా, ఒక్కచోటనైనా, నా చేత్తోనే, ఉండేది ఉన్నట్టు రాసి ఉండాలి.

ఆటగాడు వెళ్ళిపోయాక కూడా ఈ మనిషి అక్కడే ఉన్నట్టు అనిపిస్తుందా?

ఈసారి జవాబు నా ఎమ్మే భాషలో రాయబుద్ధి కాలేదు. ఈరన్న అడిగిన మాటతోనే రాశాను.

ఉండాది.